జెమ్ పోర్టల్‌లో చిన్న పరిశ్రమల కోటా: బీరువాలు తయారుచేసే యూనిట్ నుంచి ఒక సమీక్ష

కేంద్ర ప్రభుత్వ శాఖలూ, కేంద్ర ప్రభుత్వ రంగ సంస్థలూ ఏటా కొనే సరుకుల్లో, తీసుకునే సేవల్లో విలువను బట్టి కనీసం 25 శాతం సూక్ష్మ, చిన్న పరిశ్రమల నుంచి తీసుకోవాలని నియమం ఉంది. ఆ నియమం మాలాంటి వారి చేతికి ఈనాడు ఎక్కువగా అందేది గవర్నమెంట్ ఈ-మార్కెట్‌ప్లేస్ ద్వారా; వాడేవారందరూ దాన్ని జెమ్ అంటారు. విజయవాడ ఆటోనగర్‌లో ఇనుప బీరువాలు, ర్యాకులు, ఆఫీసు బల్లలు తయారుచేసే చిన్న యూనిట్ యజమానిగా కొన్నేళ్లుగా ఈ పోర్టల్‌లో అమ్ముతున్నాను కనుక, ఇందులో చేరాలా వద్దా అని ఆలోచిస్తున్న తయారీదారుల కోసం ఈ సమీక్ష రాస్తున్నాను. పేజీలు ఎంత త్వరగా తెరుచుకుంటాయి, లాగిన్ ఎన్నిసార్లు మొరాయిస్తుంది అన్న విషయాల జోలికి పోను. చిన్న పరిశ్రమలకు కేటాయించామంటున్న వాటా నిజంగా ఎంతవరకు దక్కుతుంది, దక్కాక చేతికి ఏం మిగులుతుంది అన్నదే ఇక్కడి విషయం. నా తీర్పు ముందే చెబుతాను: లోపలికి రానివ్వడంలో ఈ ఏర్పాటుకు మంచి మార్కులే వేయవచ్చు, ఆర్డరు ఇప్పించడంలో సగం మార్కులు, డబ్బు ఇప్పించడంలో అంతకంటే తక్కువ.

కేటాయింపు మూలం సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల కోసం చేసిన 2006 నాటి ఎంఎస్‌ఎంఈ అభివృద్ధి చట్టంలోని 11వ సెక్షన్. దాని కింద 2012 మార్చిలో కొనుగోలు విధానం ఉత్తర్వు వెలువడి ఆ ఏడాది ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చింది. మొదట లక్ష్యం 20 శాతం, అది కూడా మూడేళ్లపాటు సంస్థలు క్రమంగా చేరుకోవలసిన గమ్యంగానే ఉండేది. 2015 ఏప్రిల్ నుంచి తప్పనిసరి అయింది. 2018 నవంబరులో దాన్ని సవరించి 25 శాతానికి పెంచారు, ఆ పెంపు 2019 ఏప్రిల్ నుంచి అమలైంది. ఇందులోనే ఎస్సీ, ఎస్టీ పారిశ్రామికవేత్తలకు 4 శాతం, మహిళలకు 3 శాతం ఉపవాటాలు ఉన్నాయి. జెమ్ సంగతి వేరు: అది 2016 ఆగస్టులో మొదలైంది, మరుసటి ఏడాది, అంతకుముందు కేంద్ర శాఖల కొనుగోళ్లు చూసిన పాత డీజీఎస్‌ అండ్‌ డీ మూతపడింది, 2017 సాధారణ ఆర్థిక నిబంధనల్లోని 149వ నిబంధన ప్రకారం అక్కడ దొరికే సరుకును కేంద్ర కార్యాలయాలు అక్కడే కొనాలి. ఈ రెండూ వేర్వేరు ఏర్పాట్లన్న సంగతి గుర్తుంచుకుంటే చాలా అయోమయం తప్పుతుంది. కోటా ఇచ్చేది ఉత్తర్వు, అది అమలయ్యే చోటు పోర్టల్, అమలు చేయాలో వద్దో ఆచరణలో నిర్ణయించేది కొనే కార్యాలయంలోని అధికారి.

చేరిక గురించి ఫిర్యాదు చేయవలసింది పెద్దగా లేదు. ఆధార్, పాన్ ఉంటే ఉద్యమ్ రిజిస్ట్రేషన్, అంటే చిన్న పరిశ్రమగా గుర్తింపునిచ్చే కేంద్ర ప్రభుత్వ నమోదు, ఉచితంగా జరిగిపోతుంది; దానికి డబ్బు అడిగే ఏజెంటు ఎవరైనా సరే, ఇవ్వనవసరం లేదు. జెమ్‌లో విక్రేతగా చేరేటప్పుడు ఆ ఉద్యమ్ నంబరు, జీఎస్టీ, ఆదాయపు పన్ను రిటర్నులు, బ్యాంకు ఖాతా జతచేస్తే మీరు సూక్ష్మమో చిన్నదో పోర్టలే గుర్తిస్తుంది. ఉత్తర్వు ప్రకారం సూక్ష్మ, చిన్న పరిశ్రమలకు టెండరు పత్రాలు ఉచితం, బిడ్‌తోపాటు ముందుగా కట్టే ధరావతు సొమ్ము కట్టనవసరం లేదు. ఈ రెండో సదుపాయం విలువ బయటివారికి అంతగా తెలియదు. ధరావతు సాధారణంగా అంచనా విలువలో 2 నుంచి 5 శాతం దాకా ఉంటుంది. ఒకేసారి నాలుగైదు చోట్ల బిడ్లు వేసే యూనిట్‌కు ఆ సొమ్మంతా ఇరుక్కుపోతే ఇనుప రేకు కొనడానికి డబ్బు మిగలదు. వెనుకటి రోజుల్లో డీడీలు తీసి, ఓడిన టెండర్ల ధరావతు తిరిగి రాబట్టుకోవడానికి కార్యాలయాల చుట్టూ తిరిగినవారికి ఈ మినహాయింపు ఎంతటి ఊరటో వేరే చెప్పనక్కరలేదు.

అసలైన కేటాయింపు, అంటే పూర్తిగా చిన్నవారికే వదిలిపెట్టిన భాగం, 358 వస్తువుల జాబితా. ఈ వస్తువులను సూక్ష్మ, చిన్న పరిశ్రమల నుంచి మాత్రమే కొనాలి. చీపుర్లు, బకెట్లు, గొడుగులు, ముళ్లతీగ, బోల్టులు, నట్లు, తాళాలు, తోలు బూట్లు, తపాలా శాఖ వాడే సీసపు ముద్రలు, 19 పోగుల వరకు ఉండే అల్యూమినియం విద్యుత్ తీగలు, ఇలా జాబితా ఎటెటో సాగుతుంది. చదువుతుంటే కొన్ని ఏ కాలం నాటి వస్తువులో అనిపిస్తుంది. ఈనాడు ప్రభుత్వం కొనే సాఫ్ట్‌వేర్, నిఘా కెమెరాలు, సౌర పలకల వంటి వాటి వైపు అది చూడదు. మా అదృష్టం కొద్దీ ఇనుప బీరువాలు, కుర్చీలు, ర్యాకులు, ట్రంకు పెట్టెలు అందులో ఉన్నాయి. కనుక ఒక కేంద్ర కార్యాలయం బీరువాలు మాత్రమే కొనాలని బిడ్ పెట్టి, బిడ్ పత్రంలో సూక్ష్మ, చిన్న పరిశ్రమలకే పరిమితమన్న గడిలో ‘అవును’ అని పెడితే, మా పోటీ ఆటోనగర్ పక్క షెడ్డుతోనో, హైదరాబాద్ బాలానగర్, జీడిమెట్ల యూనిట్లతోనో, ఉత్తరాది చిన్న తయారీదారులతోనో ఉంటుంది. ఆ పోటీ తేలికేం కాదు, కానీ న్యాయమైనది. అందరం రేకును దాదాపు ఒకే ధరకు కొంటాం, అందరి షెడ్డుల్లోనూ అవే బెండింగ్ మిషన్లు, అవే వెల్డింగ్ సెట్లు. పోర్టల్ వల్ల కలిగిన మేలును ఒప్పుకోవలసింది ఇక్కడే: ఏ అధికారినీ ఎరగని తయారీదారు కూడా తన షెడ్డులో కూర్చొని చండీగఢ్ కార్యాలయానికి బీరువాలు అమ్మగలుగుతున్నాడు.

అయితే బీరువాలను బీరువాలుగా కొంటేనే ఈ లెక్క. కార్యాలయాన్ని కొత్తగా తీర్చిదిద్దే సంస్థలు బీరువాలను, కుర్చీలను, మాడ్యులర్ వర్క్‌స్టేషన్లను, సమావేశ మందిరపు పెద్ద బల్లను, ఒక్కోసారి తెరలను, కార్పెట్లను కూడా కలిపి ఒకే మూటగా బిడ్ పెడతాయి. మూటలో కేటాయింపు జాబితాలోని వస్తువులు ఎన్ని ఉన్నా, మొత్తానికి అది ఫర్నిచర్ ప్యాకేజీ అవుతుంది, కేటాయింపు గడిలో ‘కాదు’ పడుతుంది. నేను చూసిన ఒక బిడ్‌లో విలువలో సగానికి పైగా బీరువాలూ ర్యాకులే ఉన్నాయి. విడిగా పెట్టమని పోర్టల్ ద్వారానే వినతి పంపితే, ఒకే సరఫరాదారు ఉంటే సమన్వయం సులువుగా ఉంటుందన్న జవాబు వచ్చింది. సమన్వయం కావాలనుకోవడం తప్పు కాదు. అయిదుగురు విక్రేతలతో వ్యవహరించే స్టోర్స్ అధికారి కష్టం నాకూ అర్థమవుతుంది. కానీ కేటాయింపు అన్నది అధికారి సౌకర్యానికి లోబడేదైతే 358 వస్తువుల జాబితా ఉండీ లేనట్టే. జాబితాలోని వస్తువులు ఇంత శాతానికి మించి ఉన్న మూటను పోర్టలే ఆపి, విడదీయలేకపోవడానికి కారణం రాసి పెట్టమని అడగాలి. అటువంటి అడ్డు పెట్టడం సాంకేతికంగా ఏమంత కష్టం కాదు.

జాబితాలో లేని వస్తువులకు వర్తించేది రెండో పద్ధతి. అందరూ ‘ఎల్‌1 ప్లస్ 15’ అనే ఈ పద్ధతిని లెక్కతో చెబితేనే తెలుస్తుంది; ఎల్‌1 అంటే అందరికంటే తక్కువగా వేసిన ధర. ఒక సంస్థ 200 వర్క్‌స్టేషన్లకు బిడ్ పెట్టిందనుకుందాం. చిన్న పరిశ్రమ కాని ఒక కంపెనీ ఒక్కోదానికి 20,000 రూపాయలు వేసి అందరికంటే తక్కువగా నిలిచింది. దానిపై 15 శాతం కలిపితే 23,000. నేను 22,600 వేశాననుకోండి, ఆ పరిధిలో ఉన్నాను కనుక నాకు అవకాశం వస్తుంది. అయితే నా ధరకు కాదు, ఆ కంపెనీ వేసిన 20,000కే ఇస్తానని ఒప్పుకోవాలి. ఒప్పుకుంటే మొత్తంలో 25 శాతం, అంటే 50 వర్క్‌స్టేషన్లు నావి, మిగిలిన 150 కంపెనీవి. నా లెక్క ప్రకారం ఒక్కోదానిపై 2,600 రూపాయల చొప్పున 1,30,000 రూపాయలు వదులుకోవాలి. పరిధిలో నాతోపాటు మరికొందరు చిన్నవారు ఉండి వారూ ఒప్పుకుంటే, ఆ 50 మా మధ్యనే పంచుతారు. తక్కువ ధర వేసినవారే చిన్న పరిశ్రమ అయితే ఈ ప్రసక్తే రాదు, మొత్తం వారికే వెళుతుంది. సరుకు విడదీయడానికి వీలు లేనిదైతే మొత్తం ఆర్డరునూ పరిధిలోని చిన్న పరిశ్రమకు ఇవ్వవచ్చన్న వెసులుబాటు ఉంది గాని, దాన్ని వాడుకున్న కార్యాలయం నా ఎరుకలో లేదు.

దీన్ని పత్రికలు కూడా ‘రిజర్వేషన్’ అనే రాస్తాయి. నిజానికి ఇది పెద్దవాడి ధరకు అమ్మే హక్కు. పెద్ద కంపెనీ రేకును కాయిల్ లెక్కన నేరుగా మిల్లు నుంచి తెచ్చుకుంటుంది, పౌడర్ కోటింగ్ ప్లాంటు దాని ఆవరణలోనే ఉంటుంది. మేము రేకును వ్యాపారి గోడౌను నుంచి షీట్ల లెక్కన కొని, కోటింగ్‌ను బయట జాబ్ వర్కుకు ఇచ్చి, రానుపోను రవాణా భరిస్తాం. 15 శాతం పరిధి అన్నది ఈ తేడాను గుర్తించినట్టు కనిపిస్తుంది. కానీ ధర చెల్లించే దగ్గరకు వచ్చేసరికి ఆ గుర్తింపు మాయమవుతుంది. ప్రభుత్వం పైసా అదనంగా ఖర్చు పెట్టకుండా చిన్నవారికి మేలు చేయాలన్న ఆలోచన ఇది. ఖజానా వైపు నుంచి చూస్తే తెలివైనదే. షెడ్డు ఖాళీగా ఉన్న నెలలో కూలీలను నిలుపుకోవడానికి అటువంటి ఆర్డరు పనికొస్తుందని కూడా ఒప్పుకుంటాను. ఏడాది పొడుగునా దాని మీద బతకడం మాత్రం కుదరదు.

అమెరికాలో చిన్న వ్యాపారాలకు ఉన్న ఏర్పాటు వేరు. అక్కడ సమాఖ్య ప్రభుత్వ కాంట్రాక్టుల్లో 23 శాతం విలువ చిన్న వ్యాపారాలకు దక్కాలన్నది లక్ష్యం, మన 25తో పోలిస్తే పెద్ద తేడా లేదు. తేడా ఉన్నది అమలులో: సరసమైన ధరకు ఇవ్వగల చిన్న వ్యాపారాలు కనీసం రెండు ఉంటాయని కొనే అధికారికి నమ్మకం ఉంటే, ఆ కాంట్రాక్టును సాధారణంగా వాటి మధ్యనే పోటీకి పెట్టాలి. అంటే చిన్నవాడు తన తోటి చిన్నవాడి ధరతో పోటీ పడతాడు. మన దగ్గర ఆ పద్ధతి 358 వస్తువులకే పరిమితం.

బిడ్ పత్రాన్ని చదవడం తెలియనివారు జెమ్‌లో నష్టపోతారు. పత్రం మొదటి పేజీల్లోనే కొన్ని గడులు ఉంటాయి: బిడ్డరుకు కనీస వార్షిక టర్నోవర్ ఎంత ఉండాలి, గత అనుభవం ఎన్నేళ్లు కావాలి, ఈ రెండింటిలో చిన్న పరిశ్రమలకు సడలింపు ఉందా, పైన చెప్పిన ఎల్‌1 ప్లస్ 15 తరహా కొనుగోలు ప్రాధాన్యం వర్తిస్తుందా, ధరావతు ఎంత, గెలిచాక ఒప్పందం నెరవేరుస్తామని హామీగా ఇచ్చే పెర్ఫార్మెన్స్ గ్యారంటీ ఎంత శాతం, ఎన్ని నెలలు. నాణ్యత, సాంకేతిక ప్రమాణాల విషయంలో రాజీ లేకుండా అనుభవం, టర్నోవర్ షరతులను చిన్న పరిశ్రమలకు సడలించవచ్చని 2016 నుంచి ఆదేశాలున్నాయి. ‘వచ్చు’ అన్న మాట ఉన్నంతకాలం అది అధికారి ఇష్టమే. సడలింపు గడిలో ‘లేదు’ అని ఉండి, టర్నోవర్ గడిలో మీ యూనిట్ అందుకోలేని అంకె ఉంటే, కింద ప్రాధాన్యం గడిలో ‘అవును’ అని ఎంత ముద్దుగా రాసి ఉన్నా ఆ బిడ్ మీది కాదు. ఇంకా కింద, కొనుగోలుదారు విడిగా జతచేసే అదనపు షరతుల పత్రాన్ని చివరి అక్షరం దాకా చదవాలి. గేజి, హింజి రకం, తాళం తయారీ వంటివి అక్కడే ఒక ప్రత్యేక కంపెనీ కేటలాగు నుంచి ఎత్తి రాసినట్టు కనిపిస్తాయి. అభ్యంతరం ఉంటే బిడ్ వెలువడిన తొలి కొద్ది రోజుల్లోనే వినతి పెట్టాలి; ధరలు తెరిచాక చెప్పే అభ్యంతరానికి విలువ ఉండదు.

ఈ టర్నోవర్ షరతుల వ్యవహారం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. మందులు తయారుచేసే ఒక చిన్న పరిశ్రమ, ప్రభుత్వ టెండర్లలో పెట్టే కనీస టర్నోవర్ నిబంధన కొనుగోలు విధానాన్నే నీరుగారుస్తోందని వాదించింది. 2025 ఫిబ్రవరిలో వచ్చిన ఆ తీర్పులో కోర్టు, 2012 ఉత్తర్వుకు చట్టబద్ధమైన బలం ఉందని స్పష్టంగా చెప్పింది. అదే సమయంలో ఫలానా యూనిట్ నుంచి ఇంత కొనితీరాలని ఆ యూనిట్ అడిగే వ్యక్తిగత హక్కు దీని నుంచి పుట్టదని కూడా చెప్పింది. సామాన్యంగా అర్థం చేసుకోవాలంటే, 25 శాతం నెరవేర్చడం సంస్థ బాధ్యత, అందులో నా వంతు ఇప్పించమని నేను దావా వేయలేను. మా సంఘాల్లో చాలామంది ఈ తీర్పు మొదటి సగాన్నే చెప్పుకుంటారు. రెండో సగం తెలిసి ఉండటం కొత్తవారికి మరింత అవసరం.

ఆర్డరు వచ్చాక కథ మారుతుంది. ధరావతు నుంచి మినహాయించిన ఉత్తర్వు పెర్ఫార్మెన్స్ గ్యారంటీ నుంచి మినహాయించదు. అది సాధారణంగా కాంట్రాక్టు విలువలో 3 నుంచి 5 శాతం, వారంటీ కాలం ముగిసి మరో 60 రోజుల దాకా నిలవాలి. బ్యాంకు గ్యారంటీ ఇవ్వాలంటే బ్యాంకు మార్జిన్ సొమ్ము అడుగుతుంది. చిన్న యూనిట్‌కు అది చాలాసార్లు మొత్తానికి మొత్తం ఫిక్స్‌డ్ డిపాజిట్టే. బీరువాకు మూడేళ్ల వారంటీ అడిగిన బిడ్ గెలిస్తే ఆ సొమ్ము మూడేళ్లకు పైగా కదలదు. ముందు తలుపు దగ్గర తగ్గించిన భారాన్ని వెనుక తలుపు దగ్గర మోపుతున్నట్టే ఇది. చిన్న విలువ ఆర్డర్లకు ఈ గ్యారంటీ అడగని కార్యాలయాలు ఉన్నాయి, వాటి బిడ్లకే నేను ముందు చూపు సారిస్తాను.

సరఫరా సంగతి దగ్గరగా చూపిస్తాను. పోర్టల్ ధరలో రవాణా, దింపుడు కలిసే ఉంటాయి. ఒక కేంద్ర సంస్థకు బీరువాలు పంపినప్పుడు లారీ వాళ్ల గేటు దగ్గర ఉదయం నిలిస్తే, గేట్ పాస్ సాయంత్రానికి వచ్చింది. బీరువాలు మూడో అంతస్తుకు చేర్చాలి, లిఫ్టులోకి పట్టవు. మెట్ల మీదుగా ఎక్కించడానికి హమాలీలు అడిగిన కూలి మా లాభంలో సగం తినేసింది, మలుపు దగ్గర గోడకు రాసుకుని రెండింటి కోటింగ్ లేచిపోతే మా పెయింటరు వెళ్లి సరిచేసి వచ్చాడు. ఇవన్నీ వ్యాపారంలో ఉండేవే, ఫిర్యాదు లేదు. ఫిర్యాదు ఆ తర్వాతి భాగం మీద. సరుకు అందుకున్న కన్‌సైనీ తాత్కాలిక రసీదు ఇచ్చి, సరుకు పరీక్షించి, 10 రోజుల్లోగా పోర్టల్‌లో అంగీకార ధ్రువపత్రం, మా భాషలో సీఆర్‌ఏసీ, ఇవ్వాలి. ఆ తర్వాత 10 రోజుల్లో డబ్బు రావాలి. స్టోర్స్ గుమస్తా ఫోనులో చెప్పిన మాట ఇది: “మీ సరుకు బాగానే ఉందండీ, సీఆర్‌ఏసీ చేయాల్సిన సారు బదిలీ అయ్యారు, కొత్త సారుకు లాగిన్ ఇంకా రాలేదు.” లాగిన్ వచ్చాక బిల్లు అకౌంట్స్ విభాగానికి వెళ్లింది, అక్కడ ఆ త్రైమాసికం నిధులు అయిపోయాయి. ఇందులో ఎవరి దురుద్దేశమూ లేదు. మాకు రేకు ఇచ్చిన వ్యాపారికి మాత్రం వడ్డీ ఆగలేదు.

చట్టం ఈ విషయంలో గట్టిగానే ఉంది. సరుకు అందిన 15 రోజుల్లో రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పకపోతే అంగీకరించినట్టే లెక్క. ఎంత ఒప్పందం రాసుకున్నా 45 రోజులకు మించి గడువు పెట్టకూడదు. దాటితే రిజర్వ్ బ్యాంకు ప్రకటించిన బ్యాంకు రేటుకు మూడు రెట్లు, నెలనెలా చక్రవడ్డీ లెక్కన చెల్లించాలి. ఇంట్లో కూర్చొనే ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేయవచ్చు (ఇందుకు 2017 అక్టోబరులో సమాధాన్ పోర్టల్ మొదలైంది), అది ఇలాంటి బకాయిల తగాదాలు తేల్చే రాష్ట్ర ఫెసిలిటేషన్ కౌన్సిల్ ముందుకు వెళుతుంది, 90 రోజుల్లో తేల్చాలని చట్టంలో ఉంది. తీర్పుపై అప్పీలుకు వెళ్లాలంటే కొనుగోలుదారు 75 శాతం సొమ్ము ముందే జమ చేయాలి. కాగితం మీద ఇంతకంటే బలమైన రక్షణ మరే సరఫరాదారుకూ లేదు. అయినా నాకు తెలిసిన తయారీదారుల్లో అత్యధికులు కౌన్సిల్ గుమ్మం ఎక్కరు. కారణం భయం అనడం కన్నా లెక్క అనడం సబబు: వచ్చే ఏడాది మళ్లీ అదే స్టోర్స్ అధికారి బిడ్‌లో సడలింపు గడి నింపుతాడు. ఎక్కినవారిలో ఎక్కువమంది ఆ సంస్థతో ఇక వ్యాపారం చేయబోమని నిశ్చయించుకున్నవారే. రక్షణ అన్నది సంబంధం తెగిపోయాకనే పనికొచ్చేదైతే, పోర్టల్‌లోనే గడువు మీరిన రోజు వడ్డీ దానంతటదే బిల్లులో కలిసే ఏర్పాటు చేయాలి, సరఫరాదారు అడిగే పని ఉండకూడదు.

ఒక చిన్న విడ్డూరం కూడా చెప్పుకోవాలి. జెమ్‌లో చెల్లింపు ఆలస్యం చేసిన కొనుగోలుదారు నుంచి నెలకు 1 శాతం వసూలు చేయాలని కేంద్ర ఆర్థిక శాఖ 2020లో ఆదేశించింది. మంచిదే. కానీ ఆ సొమ్ము ఆలస్యంతో నలిగిన విక్రేతకు రాదు, కొనుగోలుదారులకూ విక్రేతలకూ అవగాహన కల్పించడానికని జెమ్ ఖాతాలోకి పోతుంది. మాకు అవగాహన ఇప్పటికే పుష్కలంగా ఉంది. న్యాయంగా మరో వైపు కూడా చెప్పాలి కనుక: పోర్టల్ తన రుసుములను 2024 ఆగస్టులో బాగా తగ్గించింది, 10 లక్షల రూపాయల లోపు ఆర్డర్లకు ఇప్పుడు ఏమీ తీసుకోదు, ఆపైన 10 కోట్ల వరకు 0.30 శాతం మాత్రమే. మా ఆర్డర్లలో అధికభాగం 10 లక్షల లోపువే కాబట్టి పోర్టల్ మా నుంచి తీసుకునేది దాదాపు లేదు. ప్రైవేటు ఈ-కామర్స్ సైట్ల కమీషన్లు చూసినవారికి దీని విలువ తెలుస్తుంది.

ఉపవాటాల విషయానికి వస్తే, ప్రభుత్వ రంగ సంస్థల మొత్తం కొనుగోళ్లు 25 శాతం గీతను దాటిన సంవత్సరాల్లో కూడా ఎస్సీ, ఎస్టీ పారిశ్రామికవేత్తల 4 శాతం వాటా ఆ దరిదాపులకు చేరలేదు. ఉత్తర్వులోనే దానికి ఒక సందు ఉంది: ఎస్సీ, ఎస్టీ యూనిట్లు టెండరులో పాల్గొనకపోయినా, షరతులకు సరిపోకపోయినా ఆ భాగాన్ని ఇతర చిన్న పరిశ్రమల నుంచి తీసుకోవచ్చు. 2016లో మొదలైన జాతీయ ఎస్సీ-ఎస్టీ హబ్ శిక్షణలకూ, టెండరు సాయానికీ పనికొస్తోంది గాని, నేను పైన చెప్పిన గ్యారంటీ సొమ్ము, ఆలస్యపు వడ్డీల భారం తాత ముత్తాతల ఆస్తి లేని మొదటి తరం పారిశ్రామికవేత్త మీద మరింతగా పడుతుంది. తాకట్టు పెట్టడానికి స్థలం ఉన్నవాడు తట్టుకునే ఆలస్యాన్ని లేనివాడు తట్టుకోలేడు.

ఎవరికి ఇది వర్తించదో కూడా తెలుసుకోవాలి. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉన్న వ్యాపారులు, అంటే సరుకు తయారుచేయకుండా కొని అమ్మేవారు, ఈ ప్రాధాన్యానికి అర్హులు కారు; వారికి ఉద్యమ్ ఇచ్చింది బ్యాంకు రుణాల కోసం మాత్రమే. భవనాలు, రోడ్ల వంటి పనుల కాంట్రాక్టులు ఈ విధానం కిందికి రావు. అలాగే ఇది కేంద్ర శాఖలకూ, కేంద్ర సంస్థలకూ కట్టుబాటు, రాష్ట్ర ప్రభుత్వాలకు కాదు. మా దగ్గర రాయనపాడు రైల్వే వర్క్‌షాపో, విశాఖ ఉక్కు కర్మాగారమో కొంటే ఒక నియమం, జిల్లా కార్యాలయం కొంటే మరో నియమం. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో చేసిన చట్టం నామినేషన్ మీద ఇచ్చే పనుల్లో బీసీ, ఎస్సీ, ఎస్టీ, మైనారిటీలకు 50 శాతం కేటాయించింది. అది సామాజిక వర్గాన్ని బట్టి ఇచ్చేది, పరిశ్రమ పరిమాణాన్ని బట్టి ఇచ్చేది కాదు. ఈ రెండింటినీ కలిపి చెప్పే ఏజెంట్ల మాటలు నమ్మి దరఖాస్తులు పెట్టవద్దు.

ఇక అన్నిటికంటే నన్ను ఎక్కువగా ఆలోచింపజేస్తున్నది ‘చిన్న’ అన్న హద్దు జరుగుతున్న తీరు. ఈ విధానం వచ్చిన 2012లో యంత్రాలపై 5 కోట్ల లోపు పెట్టుబడి పెట్టిన తయారీ యూనిట్ చిన్నది. 2020 జులై నుంచి అది 10 కోట్ల పెట్టుబడి, 50 కోట్ల టర్నోవర్ అయింది. 2025 ఏప్రిల్ నుంచి 25 కోట్ల పెట్టుబడి, 100 కోట్ల టర్నోవర్. ద్రవ్యోల్బణాన్ని లెక్కలోకి తీసుకున్నా ఇది పెద్ద దూకుడే. నిన్నటి దాకా ఎల్‌1 ప్లస్ 15 లెక్కలో అవతలి వైపు నిలిచిన మధ్యతరహా ఫర్నిచర్ కంపెనీ ఈరోజు నాతోపాటు ‘చిన్న’ వరుసలో నిలబడుతుంది, బీరువాల కేటాయింపు బిడ్‌లో కూడా నాతో సమానంగా ధర వేస్తుంది. సంస్థలకు 25 శాతం నింపడం ఇప్పుడు మరింత సులువు, ఎందుకంటే ఒక పెద్ద ‘చిన్న’ కంపెనీకి ఒక్క ఆర్డరు ఇస్తే చాలు. సూక్ష్మ పరిశ్రమలకు ఈ 25లో విడిగా ఉపవాటా లేదు, అది పెట్టాలన్నది నా గట్టి అభిప్రాయం. అది వచ్చేదాకా, ఏడాదికి కోటి రూపాయల లోపు వ్యాపారం చేసే తయారీదారులకు నేను చెప్పేది ఇంతే: జెమ్‌లో చేరండి, 10 లక్షల లోపు ఆర్డర్లు, పెర్ఫార్మెన్స్ గ్యారంటీ అడగని బిడ్లు, లారీ ఒక్క రోజులో చేరే ఊళ్లు చూసుకోండి, మీ మొత్తం అమ్మకాల్లో మూడో వంతుకు మించి ప్రభుత్వ కార్యాలయాల మీద పెట్టుకోకండి.